అయిదో బోల్టు

4519వ పోటు, తొమ్మిదో గంట

ఊటమూత అంచున ఈ పూట నాలుగు నీటిబొట్లు కనిపించాయి. మోకాళ్ళకు వెచ్చదనం కోసం రోజూ ఆ మూత పక్కన కాసేపు కూర్చోవడం నాకు అలవాటు కనుక, వాటిని మొదట చూసినవాణ్ణి నేనే. ఒక బొట్టును వేలితో తీసి నాలుకపై వేసుకున్నాను. ఉప్పన. మన ఊపిరి గోడలపై పేరుకొని కారే నీరైతే చప్పగా ఉండాలి. ఇది మంచుకు అడుగున, రాతిలో నుంచి వచ్చే ఊటనీరు.

ఖాశింబీకి కబురు పెట్టాను. ఇరవై ఏడేళ్ళుగా ఊటగది తాళంచెవి ఆమె నడుముననే ఉంది. వచ్చి, తానూ ఒక బొట్టు రుచి చూసి ఉమ్మేసింది.

“సీలు పోయింది అయ్యవారూ. మూత తియ్యాలి.”

“ఇంతకు ముందెప్పుడైనా తీశారా?”

“దీన్ని మూసినప్పుడు నాకు నాలుగేళ్ళు. మీరే చెప్పాలి.”

నాకు తెలిసినంతలో తీయలేదు. నలభై నాలుగేళ్ళ క్రితం పదహారు కుటుంబాల వారం ఈ మంచు కిందికి దిగి, కుటుంబానికొక్కటి చొప్పున పదహారు బోల్టులు బిగించి ఊటను మూశాము. ఇవాళ నాలుగు వందల పన్నెండు మందిమి. స్నానమూ, వరిమడీ, పీల్చే గాలిలోని వెచ్చదనమూ సమస్తం ఆ మూత కింది నుంచే.

ఎనభై అయిదు గంటలకొకసారి మేముంటున్న ఈ చంద్రుడు తన మహాగ్రహానికి చేరువవుతాడు. అప్పుడు పైన మంచు మూలుగుతుంది. కింద ఊట పొంగుతుంది. ఆ పొంగునే పోటు అంటాము, ఊట మూసిన నాటి నుంచి తేదీలనూ దానితోనే లెక్కిస్తాము. మూత తెరవాలంటే ఒక పోటు వెళ్ళగానే కింది కవాటం మూసి మొదలుపెట్టాలి, మరొక పోటు రాకమునుపే ముగించాలి. పోటు బలాన్ని కవాటం ఒక్కటే ఆపజాలదు.

“ఎనభై అయిదు గంటలు చాలవా అమ్మా?”

“బోల్టులు మాట వింటే ఆరు గంటల పని.” ఆమె మూతపై అరచేయి పెట్టి ఉంచింది, జ్వరం చూసినట్టు. “వింటాయో లేదో మరి.”

4520వ పోటు, నాలుగో గంట

కవాటం మూశారు. వీధుల్లో గొట్టాలు అప్పుడే చల్లబడుతున్నాయి. నిలవ తొట్టిలోని వేడినీరు డెబ్బై గంటల వరకు సరిపోతుందని అంచనా.

ఖాశింబీ బోల్టులకు మూడు రోజులుగా నూనె పట్టిస్తోంది. విప్పడానికి పండుగ రెంచినే తెచ్చింది, అంత పొడవైన పిడి మరొకటి లేదు గనుక. దానికి ఇరవై పోట్ల కిందటి పసుపు ఇంకా అంటుకొని ఉంది. నూరు పోట్లకొకసారి మేము బిగింపు పండుగ చేసుకుంటాము. ప్రతి కుటుంబమూ వరుసలో వచ్చి, తమ పెద్దలు బిగించిన బోల్టుకు ఆ రెంచి తగిలించి, మనిషికొక పట్టు పడుతుంది. పసిపిల్లల చేతులు కూడా పిడిపై పెట్టించి తండ్రులు లాగుతారు. ఊరు చల్లగా ఉండాలని కాదు, వెచ్చగా ఉండాలని. ఆ సమయంలో పేర్లు చదివేవాణ్ణి నేను. అప్పుడు చదివే పద్యమూ నాదే, పండుగా నేను పెట్టినదే.

మొదట ఖాశింబీ పదకొండో బోల్టును పట్టింది. అది దేవసహాయంగారి కుటుంబానిది. ఊరిపెద్ద ఆయనే కాబట్టి దగ్గరే నిలబడ్డారు. ఖాశింబీ పిడిపై బరువు వేసింది. బోల్టు కదిలింది. అందరమూ ఊపిరి వదిలాము. ఆమె మాత్రం వదలలేదు. ఆ కదలిక తిరుగుతున్నట్టుగా లేదు, మెలిపడుతున్నట్టుగా ఉంది. ఆ వెంటనే ఒక చప్పుడు. ఇక్కడ పుట్టినవారెవరూ విని ఉండరు గాని నాకు తెలుసు: ఎండుకొమ్మ విరిగిన చప్పుడు.

బోల్టు తలా నడుమూ రెంచితో పాటు చేతికొచ్చాయి. మరలు ఉన్న కాలు రంధ్రంలోనే ఉండిపోయింది.

“ఏం చేశావు?” అన్నారు దేవసహాయంగారు.

“విప్పాను.”

“విరిచావు.”

“మూడోది మీరు పట్టండి. రెంచి ఇదుగో.”

ఆయన పట్టలేదు. ఆమే పట్టింది. అదీ విరిగింది.

4520వ పోటు, పదకొండో గంట

రెండు, మూడు, ఎనిమిది, తొమ్మిది, పదకొండు, పద్నాలుగు, పదహారు. ఈ ఏడూ విరిగాయి. మరో ఎనిమిది మూలుగుతూ మూలుగుతూ బయటికొచ్చాయి. మూతను లేపి పక్కన పెట్టగలిగారు. కాని మూత కూర్చునే ఉక్కు అంచులో, అంటే ఊటమెడలో, ఏడు రంధ్రాలు విరిగిన ఉక్కుతో పూడిపోయి ఉన్నాయి. అవి ఖాళీ కాకుంటే కొత్త బోల్టులకు చోటు లేదు. తొమ్మిదింటితో మూస్తే వచ్చే పోటుకు మూత ఎగిరిపోతుంది.

వీధి మొగలో జనం చేరారు.

“నూనె ఎప్పుడెప్పుడు పెట్టావు?” అని అడిగారు దేవసహాయంగారు.

“పెట్టాల్సినప్పుడల్లా పెట్టాను.”

“పెడితే ఏడు బోల్టులు విరుగుతాయా?”

“నేనూ అదే అడుగుతున్నానయ్యా, ఎవరు చెప్తారో అని.”

నిర్ణయం ఇదీ. డెబ్బయ్యో గంటకు మూత సిద్ధం కాకుంటే తూర్పువాడలోని ముప్పై ఒక్క ఇళ్ళు ఖాళీ చేసి అందరూ పడమటివాడలో సర్దుకోవాలి, వరిమడిని వదులుకోవాలి. అది ఎలా తేలినా, అరవయ్యో గంటకు సభ కూడి తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో తేల్చాలి. ఊటగది పక్కనున్న చిన్న గది తాళంచెవితో పాటే వస్తుంది, పోతుంది. ఖాశింబీ ఉండేది అందులోనే.

అన్నింటికన్నా చివర విప్పినది అయిదో బోల్టు. అది నాది. ఆమె రెంచి తగిలించి కొద్దిగా లాగి, ఆగి, రెంచి తీసేసి రెండు వేళ్ళతో తిప్పింది. తిరుగుతూ వచ్చేసింది. జనంలో కొందరు చేతులు జోడించారు.

“అయ్యవారి పుణ్యం.”

“నిత్యం పద్యం పలికే నోరు కదా, ఉక్కు కూడా వినింది.”

నాకు సంతోషం కలిగింది. ఈ పుస్తకంలో అబద్ధం రాయను గనుక అదీ రాస్తున్నాను. ఇంటికి వచ్చేదాకా ఉంది ఆ సంతోషం. పడుకున్నాక ఒక ప్రశ్న లేచింది. ఉక్కుకు పద్యం తెలియదు కదా. మరి దానికేమి తెలిసింది?

4520వ పోటు, ఇరవై మూడో గంట

ఒక కాలు బయటికి వచ్చింది. అది వచ్చిన తీరు వివరంగా రాస్తాను. మా తరువాతివారికి అవసరపడవచ్చు.

విరిగిన ముఖానికి సరిగ్గా నడుమ ఉలిమొనతో ఒక చుక్క పెట్టాలి. ఆ చుక్కకే ఖాశింబీ అరగంట తీసుకుంది. “ఇది పక్కకు పోతే మెడలోని మరలు తెగుతాయి. అప్పుడిక మనిద్దరం కూర్చుని ఏడవడమే,” అంది. చుక్క వెంట ఎడమవైపు తిరిగే బర్మాతో చిన్న రంధ్రం చేయాలి. అందులో ‘ఎదురుమర’ దించాలి. అది చిటికెన వేలంత ఉక్కుపుల్ల. సన్నగా మొదలై లావెక్కుతుంది, ఎడమవైపు మరలు ఉంటాయి. బిగించేకొద్దీ అది విరిగిన కాలిని లోపలి నుంచి కరచుకొని విప్పే దిక్కుకే తిప్పుతుంది. బిగింపుతోనే విప్పే పనిముట్టు. ఎవరి ఆలోచనో గాని, చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయాను.

“ఇచ్చేయండయ్యవారూ. ఊళ్ళో రెండే ఉన్నాయి.”

అయినా కాలు కదలలేదు. అప్పుడు మంట. చుట్టూ ఉన్న మెడను వేడి చేస్తే అది వ్యాకోచిస్తుంది, లోపలి కాలి పట్టు సడలుతుంది. చాలకపోతే ప్రయోజనం లేదు. ఎక్కువైతే మెడ పాడవుతుంది. కంటికి నల్ల అద్దం తొడుక్కున్నాక ఆమెకు గడియారం కనబడదు.

“మీకు సీసపద్యం నోటికొచ్చుగా?”

“ఎన్ని కావాలమ్మా?”

“ఒక్కటి చాలు. మీరు మొదలెట్టగానే మంట పెడతాను, అయిపోగానే తీసేస్తాను. పండుగకు చదివినట్టే చదవండి, ఆ కొలత నాకు తెలుసు.”

చదివాను. మూడో పాదంలో అలవాటుగా రాగం తీశాను.

“సాగదీయకండి. ఇక్కడ ఇనుం ఉడుకుతోంది.”

నాలుగో పాదం ముగించి ఎత్తుగీతి అందుకోబోయాను.

“గీతి వద్దు, గీతి వద్దు. కరిగిపోద్ది.”

మంట తీసి, చల్లారడానికి రెండు కందాలు చదివించుకుంది. మూడుమార్లు ఇలా వేడి, చల్లన. నాలుగోమారు ఎదురుమర పట్టింది, కాలు కిర్రుమంది. రెంచిని ఆమె ఆపి, సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, మళ్ళీ ముందుకు, అలా బతిమాలుతూ తీసింది. డెబ్బై ఒక్కేళ్ళ జీవితంలో నా పద్యం ఇంత ఖచ్చితంగా ఎవరికైనా పనికిరావడం ఇదే మొదలని చెప్పాను.

“పండుగప్పుడు పనికిరాలేదా?” అంది, ముఖం ఎత్తకుండా.

ఆ మాటలో ఏదో ఉంది. నేను తరువాతి రంధ్రానికి దీపం జరిపాను.

4520వ పోటు, ముప్పై ఆరో గంట

మూడు కాళ్ళు వచ్చాయి. పద్నాలుగో రంధ్రంలో ఎదురుమర విరిగింది.

ఇది బోల్టు విరగడం కన్నా పెద్ద ఆపద. ఎదురుమర ఉక్కు బర్మా ఉక్కు కన్నా కఠినం. బర్మా దానిపై జారుతుందే కాని దిగదు. ఖాశింబీ పనిముట్లు కింద పెట్టి, మెడకు ఆనుకొని కూర్చుంది.

“నాకు వేరే పని రాదయ్యవారూ. వరిమడిలో నిలబడితే నడుం పడిపోద్ది. తాళం ఇచ్చేయమంటే ఇచ్చేస్తాను. కాని నేను చెయ్యని దానికి ఇవ్వాలంటే చెయ్యి రావట్లేదు.”

“నీవు చేయలేదని నీకు తెలుసా?”

“తెలుసు. ఎవరు చేశారో తెలియదు.”

ఆమె కొంతసేపు ఆ రంధ్రంలోకి చూసి, ఉన్నట్టుండి లేచి ఉలి, సుత్తి తీసుకుంది. అంత కఠినమైనది దెబ్బకు వంగదు, పగులుతుంది. పదిహేను దెబ్బలకు ఎదురుమర గాజులా ముక్కలైంది. ముక్కల్ని పట్టకారుతో ఏరింది. ఇక రెండో ఎదురుమరను వాడదలచలేదు. విరిగిన కాలిపైనే ఒక నట్టు పెట్టి వెల్డింగుతో అతికి, ఆ నట్టును రెంచితో తిప్పింది. ఒక సీసం, రెండు కందాలు. కాలు వచ్చింది.

“ముందే ఇలా చేయలేదేం?”

“వెల్డింగు కడ్డీలు నాలుగే ఉన్నాయి. ఇప్పుడు మూడు.”

4520వ పోటు, నలభై ఆరో గంట

ఆమె అయిదో కాలు తీస్తుండగా, నేను బయటికొచ్చిన బోల్టులను ఒక గుడ్డపై వరుసగా పేర్చుకున్నాను. ఒకే గ్రంథానికి పలు తాళపత్ర ప్రతులు దొరికినప్పుడు వాటిని పక్కపక్కన పరచి, తప్పు ఏ ప్రతిలో ఎక్కడ దూరిందో చూడడం నా యౌవనంలో చేసిన పని. ఇక్కడ పదహారు ప్రతులు. ఒక్కటి మాత్రం శుద్ధంగా ఉంది. అది శుద్ధంగా ఎందుకుందో తెలిస్తే తక్కినవి ఎందుకు చెడ్డాయో తెలుస్తుంది.

పనిగదిలో నుంచి అదే కొలత కొత్త నట్టు తెచ్చాను. అయిదో బోల్టుకు ఎక్కించి వేలితో తోశాను. మొదటి నుంచి చివరి వరకు జారిపోయింది. ఒకటో బోల్టుకు ఎక్కించాను. మూడు చుట్లు తిరిగి బిగుసుకుంది. నాలుగోదానికి నాలుగు చుట్లు. విరిగిన వాటికి రెండైనా లేవు.

“ఖాశింబీ, మరలు అరిగితే నట్టు వదులవుతుంది కదా. బిగుసుకోవడమేమిటి?”

ఆమె నల్ల అద్దం పైకెత్తింది. నా చేతిలోని బోల్టును తీసుకొని, పెట్టెలోని కొత్తదాని పక్కన ఆనించి దీపానికి ఎదురుగా పట్టింది. మరకు మర మొదట కలిసింది. పోను పోను తప్పింది. పాతది గోరుమందం పొడవు ఎక్కువ.

“సాగింది,” అంది. “ఇనుం సాగిపోయింది. వీటిని ఎవరో బిగించారు. బిగించిందాన్నే మళ్ళీ బిగించారు. మళ్ళీ మళ్ళీ.”

గోడకు ఆనించి ఉన్న పండుగ రెంచి నాకు ఎదురుగా ఉంది. ఆమె దాని వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. నల్ల అద్దం దించుకొని పనిలోకి వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళి పేర్ల పట్టీల పెట్టె తెరిచాను. నలభై అయిదు పండుగలకు నలభై అయిదు పట్టీలు, ప్రతి పట్టుకూ ఒక పేరు, అన్నీ నా చేతిరాతే. ఆరు గంటలు కూర్చొని లెక్క తీశాను. మొదటి పండుగనాడు పదకొండో బోల్టుకు పడిన పట్టులు తొమ్మిది. మొన్నటి పండుగకు యాభై రెండు. అన్నీ కలిపితే వెయ్యి దాటాయి. అత్యధికంగా పట్టులు పడిన బోల్టులు ఏడు. రెండు, మూడు, ఎనిమిది, తొమ్మిది, పదకొండు, పద్నాలుగు, పదహారు.

అయిదో బోల్టుకు మొత్తం మూడు పట్టులు. మూడూ మొదటి మూడు పండుగలవి, మూడూ ఒకే పేరు: వకుళ. నాలుగో పండుగకు ముందే నా భార్య కన్నుమూసింది. మాకు సంతానం లేదు. ఇక నేను. పండుగనాడు నా రెండు చేతులలోనూ పేర్ల పట్టీ ఉంటుంది. నలభై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నేను రెంచి పట్టలేదు.

ఆ పట్టీలు మడుస్తుంటే ఇరవై ఏళ్ళ కిందటి మాట గుర్తుకొచ్చింది. ఖాశింబీ చేతికి తాళంచెవి వచ్చి అప్పటికి ఏడేళ్ళు. పండుగ ముగిశాక నా దగ్గరకొచ్చి, “బిగిసినదాన్ని ఇంకా బిగిస్తే అది ఎక్కడికి పోతుందయ్యవారూ?” అని అడిగింది. నేను నవ్వి, భక్తికి అవధి లేదని ఒక శ్లోకం చదివి, దానికి అర్థం కూడా చెప్పి పంపాను. ఆమె అడిగింది భక్తి గురించి కాదు. వీణ తంతిని ఎంతవరకు బిగించాలో తెలిసినవాణ్ణే నేను. ఆ మాట అప్పుడు తోచలేదు.

4520వ పోటు, అరవయ్యో గంట

ఏడు కాళ్ళూ వచ్చాయి. చివరిది వచ్చిన గంటకే సభ కూడింది. ఖాశింబీ తాళంచెవిని ముందే విప్పి ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది.

నేను లేచి నిలబడ్డాను. ఉపోద్ఘాతం లేకుండా మాట్లాడడం నాకు చేతకాదు గాని, ఈసారి మాట్లాడాను. నట్టును ఒక్కొక్క బోల్టుకు ఎక్కించి చూపాను. ఏ కుటుంబం బోల్టు ఆ కుటుంబం చేతికే ఇచ్చి తిప్పి చూడమన్నాను. పట్టీలలోని లెక్క చదివాను. ఎప్పటిలా పేర్లు కాదు, మొత్తాలు మాత్రమే.

“అయిదోది నా పుణ్యం వల్ల రాలేదు,” అన్నాను. “దాన్ని పట్టడానికి ఎవరూ మిగలకపోవడం వల్ల వచ్చింది. తక్కినవి ఖాశింబీ చేతిలో విరిగాయి, కాని ఆమె విరవలేదు. ఈమె ఇరవై ఏళ్ళ క్రితమే నన్ను అడిగింది. నేను వినలేదు.”

దేవసహాయంగారు పదకొండో బోల్టు తలను అరచేతిలో పెట్టుకొని ఉన్నారు.

“మా నాన్న ఆఖరిసారి ఈ గదికి వచ్చింది ఆ పట్టు కోసమే పంతులుగారూ. ఇద్దరం మోసుకొచ్చాం. అది తప్పంటారా?”

“ఆయన పట్టు తప్పు కాదు. ఇక చాలు అని చెప్పవలసినవాడు చెప్పకపోవడం తప్పు. ఆ చెప్పవలసినవాణ్ణి నేను.”

ఆయన తల ఊపలేదు. లేచి, ఖాశింబీ ముందుకు వెళ్ళి, ఆమె ఒళ్ళోని తాళంచెవి వైపు చూపించారు.

“కట్టుకో. పది గంటలే ఉన్నాయి, కబుర్లకు కూర్చున్నావు.”

“కూర్చోమంది మీరేగా,” అని ఆమె లేచింది.

4520వ పోటు, అరవై తొమ్మిదో గంట

కొత్త సీలు వేశారు. మూత దించారు. ఒక చిక్కు మిగిలింది. పెట్టెలో కొత్త బోల్టులు పదిహేనే ఉన్నాయి; పదహారోదాన్ని ఎప్పుడో పంపు దిమ్మెకు వాడారట. సాగినవాటిలో ఏదీ పనికిరాదు. ఖాశింబీ గుడ్డపైనున్న వరుసలోంచి అయిదోదాన్ని తీసి, నూనెతో తుడిచి, నా ముందు పట్టుకుంది.

“దీనికేం కాలేదు. మళ్ళీ వేసేస్తాను.”

“వేయి.”

“మీరు వేస్తారా? ఒక పట్టు బాకీ ఉన్నారుగా.”

నేను వేశాను. చేతితో తిరిగినంత మేర తిప్పాను. ఆ తరువాత ఆమె బిగింపు కొలత చూపే ముల్లు ఉన్న రెంచి తెచ్చి నా చేత పట్టించి, ముల్లు గీత దగ్గరకు రాగానే ఆపింది. నా చేయి ఇంకొంచెం లాగబోయింది. ఆమె నా మణికట్టు పట్టుకుంది.

“చాలు.”

కవాటం తెరిచారు. గొట్టాలలో ఊట కదిలిన చప్పుడు తూర్పువాడ దాకా వినబడిందట.

ఊటగది గుమ్మం దగ్గర దేవసహాయంగారు అడిగారు. “మరి 4600వ పోటుకు జనం వస్తారు. వాళ్ళ చేతులకు ఏం పని చెప్తావు?”

ఖాశింబీ కొంచెం ఆలోచించింది. “రమ్మనండి. ఎవరి బోల్టును వాళ్ళు వేలితో తాకి, తడి ఉందో లేదో చూసి చెప్పమనండి. నాకు అంతకన్నా సాయం లేదు.”

“పద్యం?”

“అయ్యవారు చదువుతారు. రాగం తీసుకోవచ్చు, ఇప్పుడు మంట లేదు.”

4521వ పోటు, మొదటి గంట

పోటు వచ్చింది. పైన మంచు మూలిగింది. మూత కింద ఊట పొంగి, తాకి, నెమ్మదించింది. గదిలో మేమిద్దరమే ఉన్నాము. ఆమె పదిహేనింటినీ ఒక్కొక్కటే తాకుతూ చుట్టూ తిరిగి వచ్చి, అయిదోదాన్ని నాకు వదిలింది.

పదిహేనూ కొత్తవి. ఈ ఒక్కటే పాతది. వకుళ మూడు పట్టులు పట్టినది. దాని తల చుట్టూ, మూతకు ఆనుకున్న గీత వెంబడి, వేలు నెమ్మదిగా తిప్పాను.

వేలు పొడిగానే ఉంది.